పకారం పలకని నోట పస్కా పండుగ

న్యాయాధిపతుల గ్రంథంలో మనం తొందరగా దాటేసే పేజీ ఒకటుంది. యొర్దాను రేవుల దగ్గర గిలాదువారు కాపు కాశారు. ఓడిపోయి పారిపోతున్న ఎఫ్రాయిమీయుడు ఎవడైనా వచ్చి నది దాటనిమ్మని అడిగితే ‘షిబ్బోలెతు’ అనమన్నారు. ఎఫ్రాయిమీయుల నోటికి ఆ ‘ష’ తిరగదు. ‘సిబ్బోలెతు’ అన్నారు. అన్నవాణ్ణి అన్నచోటే చంపారు. ఆ కాలంలో ఎఫ్రాయిమీయుల్లో 42,000 మంది కూలారని గ్రంథం చెబుతోంది (న్యాయాధిపతులు 12:5,6). ఒక్క అక్షరం పలకలేకపోవడం ప్రాణం మీదికి తెచ్చింది. ప్రధాన యాజకుని ముంగిట చలి కాచుకుంటున్న పేతురును పట్టించిందీ అతని గలిలయ యాసే (మత్తయి 26:73).

ఈ వారం మేము చెప్పబోయేది దీనికి సరిగ్గా ఎదురుగా జరిగిన సంగతి. ఒక జాతి మొత్తానికి ‘ప’ పలకడం రాదు. వారి దగ్గరికి ‘ప’తో మొదలయ్యే పండుగ వచ్చింది. తెచ్చినవారు ఆ జాతి నాలుకను సరిదిద్దాలని కూర్చోలేదు. పండుగ పేరే మారింది. మారిన ఆ పేరు పదిహేను వందల ఏళ్లకు పైగా ఇప్పటికీ వాడుకలో ఉంది.

ఆ జాతి ఐర్లండ్ వారు. వారి భాషలో ఈస్టరును ‘కాష్క్’ అంటారు. వింటే దీనికీ మన బైబిల్లోని ‘పస్కా’కూ చుట్టరికం ఉన్నట్టు అనిపించదు. అయినా రెండూ ఒక తల్లి బిడ్డలే. హెబ్రీలో ‘పేసహ్’. యేసు ప్రభువు నాటి యూదుల వాడుక భాష అరామిక్‌లో ‘పస్‌హా’. గ్రీకు సువార్తల్లో ‘పస్ఖ’, దాన్నుంచి లాటిన్‌లోనూ అదే. తెలుగు బైబిలు అనువాదకులు ఆ మాటను తర్జుమా చేయకుండా ‘పస్కా’గానే ఉంచారు. కేరళలోని సిరియన్ క్రైస్తవులు ‘పెసహా’ అంటారు. ఫ్రెంచివారిది ‘పాక్’, స్పెయిన్ వారిది ‘పాస్క్వా’. సముద్రానికి ఈవల ఐర్లండ్‌కు ఎదురుగా ఉన్న వేల్స్ వారు కూడా ‘పాస్గ్’ అనే అంటారు. ఇందరి నోటా మొదట ‘ప’ ఉంది. ఐర్లండ్ వారు, వారి భాషకు తోబుట్టువులైన స్కాట్లండ్ గేలిక్, మాన్ ద్వీప భాషల వారు మాత్రం ‘క’ అంటారు. ఈ ‘ప’ ఎక్కడ పోయింది?

రాతి మీద ‘క్వ’

అది పోయింది చాలా పూర్వం, క్రీస్తుకు ఎన్నో వందల ఏళ్ల ముందు. సంస్కృతం, గ్రీకు, లాటిన్‌లతో పాటు ఐరిష్ కూడా ఒకే మూలభాష నుంచి పుట్టింది. ఆ మూలంలో ఉన్న ‘ప’ను ఐరిష్ చేరిన కెల్టిక్ కుటుంబం వదిలేసుకుంది. సంస్కృతంలో ‘పితృ’, లాటిన్‌లో ‘పాటెర్’ అన్న తండ్రి ఐరిష్‌లో ‘అహిర్’ అయ్యాడు. సంస్కృత ‘పూర్ణ’ అక్కడ ‘లాన్’. లాటిన్ చేప ‘పిస్కిస్’ అయితే ఐరిష్ చేప ‘ఈయస్క్’. మాటల తలలు కొట్టేసినట్టు మొదటి అక్షరం ఒక్కటే లేదు, మిగతా శరీరం ఉంది. హెబ్రీ పత్రిక మొదటి వాక్యంలో మనం ‘పితరులు’ అని చదివే మాట కూడా ఈ కుదురుదే.

ఐర్లండ్‌లో క్రైస్తవం అడుగుపెట్టే కాలానికి అక్కడి రాత ‘ఓగమ్’. నిలువు రాతి అంచు మీద గీతలు, గంట్లు చెక్కి రాసేవారు. ఇరవై అక్షరాలు. వాటిలో ‘ప’ లేదు. దానికి బదులన్నట్టు ‘క్వ’ ధ్వనికి ఒక ప్రత్యేక అక్షరం ఉంది. ఇలాంటి రాళ్లు ఇప్పటికి సుమారు 400 దొరికాయి. ఐర్లండ్ దక్షిణాన కెర్రీ, కార్క్, వాటర్‌ఫర్డ్ జిల్లాల్లో ఎక్కువ. చాలావాటి మీద ఉన్నది ఒకటే సమాచారం: ఫలానావాడు, ఫలానావాని కొడుకు. ‘కొడుకు’ అనడానికి ‘మక్వి’ అని చెక్కారు. ఐరిష్ ఇంటిపేర్ల ముందు మనం వినే ‘మాక్’ ఇదే.

‘ప’కు బదులు వారు ‘క్వ’నే ఎందుకు ఎంచుకున్నారు? ‘బ’ అనవచ్చు కదా, అదే దగ్గరి ధ్వని. మాకు ఇక్కడ అనంతపురం, బళ్లారి వైపు పాఠకులు సాయం వస్తారు. తెలుగు పాలు కన్నడంలో హాలు. మన పులి వారికి హులి. పల్లె అంటే హళ్ళి. సరిహద్దు ఊళ్లలో పెరిగిన పిల్లవాడికి ఎవరూ సూత్రం నేర్పరు. అవతలివారి ‘హ’ మన ‘ప’ అని చెవి తనంత తాను లెక్క కట్టుకుంటుంది. ఐరిష్ సముద్రానికి రెండు ఒడ్డుల మధ్య కూడా అలాంటి లెక్కే ఉండేది. బ్రిటన్ ఒడ్డున ఉన్న కెల్టిక్ జనం పాత ‘క్వ’ను ‘ప’గా మార్చుకున్నారు. అక్కడ కొడుకు ‘మాప్’, ఇక్కడ ‘మక్వ్’. కాబట్టి బ్రిటన్ వారి నోట లాటిన్ పండుగ పేరు ‘పస్క’ అని వినబడగానే, వారి ‘ప’ మన ‘క్వ’ కదా అని ఐర్లండ్ చెవి సరిచూసుకుంది. ‘క్వాస్క’ అని పలికింది. ఆరో శతాబ్దం నాటికి ఐరిష్‌లో ‘క్వ’ అంతా ‘క’గా తేలికపడింది. ‘కాస్క్’ మిగిలింది. నోరు తిరగక చేసిన పొరపాటని దీన్ని చులకన చేయరాదన్నది మా అభిప్రాయం. ఇరుగుపొరుగుల భాష బాగా తెలిసినవారు చేసిన తర్జుమా ఇది.

ఇలా వచ్చిన మాటలు ఇంకా కొన్ని ఉన్నాయి. రాజవస్త్రాల ధూమ్రవర్ణానికి లాటిన్ ‘పుర్పుర’. ఐరిష్‌లో ‘కోర్కర’. మొక్కకు లాటిన్ ‘ప్లాంట’. ఐరిష్‌లో ‘క్లాన్’. అయితే ఈ మాట అక్కడ మొక్క దగ్గర ఆగలేదు. సంతానానికి పేరైంది. ఇప్పటికీ ఐరిష్‌లో ‘క్లాన్’ అంటే పిల్లలు. ఇంగ్లీషువారు దాన్నే తీసుకుని వంశమనే అర్థంలో వాడుతున్నారు. యెహోవాయందు భయభక్తులు గలవాని భోజనపు బల్ల చుట్టూ పిల్లలు ఒలీవ మొక్కల్లా ఉంటారని 128వ కీర్తన పోల్చింది కదా. ఆ పోలిక ఐరిష్‌లో చదివేవారికి వారి భాషలోని మాట అంతకుముందే ఆ దారిలో నడిచి వచ్చినట్టుంటుంది.

మన సి.ఎస్.ఐ. సంఘాలవారు గుర్తుపట్టే మాట మరొకటి. ‘ప్రెస్బిటర్’ అంటే గ్రీకులో పెద్ద. అది ఐర్లండ్ చేరి ‘క్రువిథెర్’ అయింది. కెర్రీలో సముద్రం మీదికి ఒరిగిన బ్రాండన్ కొండ ఉంది. దాని ఎత్తయిన వీపు మీద అర్రాగ్లెన్ అనే చోట ఒక ఓగమ్ రాయి నిలబడి ఉంది. దాని మీద సిలువ గుర్తుతో పాటు ‘కొమోగన్ కొడుకు, ప్రెస్బిటర్ రోనన్’ అని చెక్కారు. ప్రెస్బిటర్ అన్న మాటలోని మొదటి అక్షరం ఆ ‘క్వ’యే. రోనన్ గురించి రాయి ఇంతకు మించి చెప్పదు. మన నోట ‘ప్రెస్బిటర్’గా ఉన్న మాట ఆ కొండ మీద ‘క్వ’తో నిలిచి ఉండడం చూస్తే మాత్రం మాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఎవరు మోసుకొచ్చారు?

ఐర్లండ్ సువార్త అనగానే అందరూ పాట్రిక్ పేరే చెబుతారు. ఆయన గొప్పతనాన్ని మేము తగ్గించడం లేదు. కానీ ఆయన కాలానికే, లేక అంతకు ముందే, అక్కడ విశ్వాసులున్నారని రాతపూర్వక సాక్ష్యం ఉంది. క్రీ.శ. 431లో క్రీస్తునందు విశ్వాసముంచిన ఐర్లండ్ వారి దగ్గరికి పల్లాడియస్ అనే వ్యక్తిని మొదటి బిషప్పుగా పంపారని ఆ కాలంవాడే అయిన ప్రాస్పర్ తన వృత్తాంతంలో రాశాడు. బిషప్పును పంపేనాటికే మంద ఉంది. మరి ఆ మందను ఎవరు చేర్చారు?

పేరు తెలియని వారు. వర్తకులు కొందరు కావచ్చు. బానిసలు అనేకులు. రోమా పాలన సడలుతున్న రోజుల్లో ఐర్లండ్ దోపిడీ మూకలు పడవలేసుకుని బ్రిటన్ తీరం మీద పడేవి. మనుషుల్ని పశువుల్లా తోలుకుపోయేవి. పాట్రిక్ కూడా అలా పోయినవాడే. తండ్రి డీకను, తాత ప్రెస్బిటర్. అయినా పదహారేళ్ల వయసులో తాను దేవుణ్ణి ఎరగనివాడినని, వేలాదిమందితో పాటు చెరపట్టబడ్డానని, ఆరేళ్లు మందలు కాశానని ఆయనే తన ఒప్పుకోలులో రాసుకున్నాడు. ఆ వేలాదిమందిలో బాప్తిస్మం పొందినవారు ఎందరో ఉండి ఉండాలి. ప్రాచీన ఐరిష్ ధర్మశాస్త్రాల్లో విలువ కట్టడానికి ‘కుమల్’ అనే కొలమానం కనిపిస్తుంది. కుమల్ అంటే ఆడబానిస. నేల విలువైనా, పరువునష్టపు పరిహారమైనా ఇన్ని కుమల్‌లు అని లెక్కించేవారు. స్త్రీని డబ్బుగా లెక్కించిన ఆ ఇళ్లలో పాలు పితుకుతూ, పిండి విసురుతూ ఉన్న ఒక బ్రిటన్ స్త్రీ వసంతకాలంలో ఒక పున్నమి తర్వాత ‘ఈ రోజు మాకు పండుగ’ అని చెప్పి ఉంటుందా? నయమాను ఇంట్లో ఉన్న ఇశ్రాయేలు చిన్నదాని పేరు కూడా గ్రంథంలో లేదు (2 రాజులు 5:2,3). ఆమె చెప్పిన మాట మాత్రం సిరియా సేనాధిపతిని యొర్దాను దాకా నడిపించింది. ఐర్లండ్ కథలో ఇది మా ఊహే అయినా, ‘కాస్క్’ లాంటి మాటలు పండితుల బల్ల మీద పుట్టినవి కావనీ, పక్కపక్కన బతికిన రెండు జాతుల సామాన్యుల నోళ్లలో నలిగినవనీ వాటి రూపమే చెబుతోంది.

కాలం గడిచాక ఐరిష్ నాలుక ‘ప’ కూడా నేర్చుకుంది. మఠాలు వెలిశాయి, లాటిన్ చదువు పెరిగింది, బ్రిటన్ బోధకుల రాకపోకలు ఎక్కువయ్యాయి. అప్పుడు వచ్చిన మాటలు ‘ప’తోనే నిలిచాయి. పాట్రిక్ పేరు ‘పాద్రిగ్’. ప్రజలకు ‘పొబల్’. పాపానికి లాటిన్ ‘పెక్కాటుమ్’ నుంచి ‘ప్యాక’. ముద్దుకు ‘పోగ్’. ఈ చివరిది వింతైనది. దాని మూలం సమాధానం అనే అర్థమిచ్చే లాటిన్ మాట. ఆరాధనలో విశ్వాసులు ఒకరికొకరు ఇచ్చుకునే సమాధానపు ముద్దులోంచి వచ్చింది. ఐరిష్ తల్లి ఇవాళ బిడ్డను ముద్దాడమన్నా ఆ మాట వెనుక పవిత్రమైన ముద్దు గురించి పౌలు రాసిన మాటలున్నాయి (రోమా 16:16). పండుగ పేరు ముందు వచ్చి పాపం పేరు తర్వాత వచ్చింది కాబట్టి దీనిమీద ఒక ప్రసంగం కట్టవచ్చని ఎవరికైనా తోచవచ్చు. దయచేసి కట్టవద్దు. మాటలు వచ్చిన వరుసను బట్టి సిద్ధాంతం చేయడం ఇసుక మీద ఇల్లు.

మెత్తబడే మొదటి అక్షరం

ఇక వ్యాకరణం. భయపడనక్కర్లేదు. చిన్నప్పుడు బడిలో గసడదవాదేశ సంధి నేర్చుకున్నవారికి ఇది సులువు. కూర, కాయ కలిస్తే కూరగాయ. అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు. రెండో మాటలో మొదటి పరుషం మెత్తబడింది. ఐరిష్‌కు ప్రాణం ఇదే. ఆ భాషలో మాట మొదటి అక్షరం దాని ముందున్న మాటను బట్టి మారుతూ ఉంటుంది. తెలియనివారు నిఘంటువు తెరిస్తే సగం మాటలు దొరకవు.

‘కాష్క్’ స్త్రీలింగం. దాని ముందు ‘అన్’ అనే ఉపపదం చేరిస్తే ‘అన్ ఖాష్క్’ అవుతుంది. ఈ ‘ఖ’ మన ఖడ్గంలోని ఖ కాదు. హైదరాబాదులో ఉర్దూవారు ‘ఖబర్’ అనేటప్పుడు గొంతులో ఒరుసుకుంటూ వచ్చే ధ్వని. ఎందుకిలా? చాలాకాలం కిందట స్త్రీలింగపు ఉపపదం చివర అచ్చు ఉండేది. రెండు అచ్చుల మధ్య చిక్కిన ‘క’ మెత్తబడింది. తర్వాత ఆ అచ్చు అరిగి రాలిపోయింది. అచ్చు పోయినా అది చేసిన మెత్తదనం పోలేదు. షష్ఠీ విభక్తిలో అయితే ‘న కాస్క’, అంటే పస్కా యొక్క. ఇక్కడ ‘క’ గట్టిగానే ఉంది. ఎందుకంటే పూర్వం ఆ ఉపపదం చివర ‘స’ ఉండేది. అది అడ్డుగోడలా నిలబడి ‘క’ను కాపాడింది. ఇప్పుడు ఆ ‘స’ కూడా లేదు. గోడ కూలింది, కాపాడినది మాత్రం నిలిచింది.

మరొక చిన్న సంగతి. పాత ఐరిష్‌లో ప్రథమా విభక్తి ‘కాస్క్’. ‘కాష్క్’ అనేది ద్వితీయ, చతుర్థి లాంటి విభక్తుల రూపం. కాలక్రమంలో ఆ రెండో రూపమే అసలు పేరై కూర్చుంది. పండుగ పేరు ఎక్కువగా ‘పండుగకు వస్తాను’, ‘పండుగ నాడు ఇస్తాను’ అనే వాక్యాల్లోనే నలుగుతుంది కాబట్టి ఇలా జరిగి ఉండవచ్చు. మన ఇళ్లలోనూ అంతే కదా, సంక్రాంతి అనేదానికంటే ‘సంక్రాంతికి’ అనేదే ఎక్కువ.

ఈస్టర్ ఆదివారాన్ని ‘దౌనఖ్ కాస్క’ అంటారు. ‘దౌనఖ్’ అంటే ప్రభువుది అని. లాటిన్ నుంచి వచ్చింది. మన ఆదివారంలో ఆదిత్యుడున్నాడు, ఇంగ్లీషువారి సండేలో సూర్యుడున్నాడు, ఐరిష్ వారి ఆదివారంలో ప్రభువే ఉన్నాడు.

అన్నిటికంటే ముఖ్యమైనది అర్థం. ఐరిష్‌లో యూదుల పస్కాకు, క్రైస్తవుల ఈస్టరుకు మాట ఒక్కటే. నిర్గమకాండం 12వ అధ్యాయంలో ద్వారబంధాలకు రక్తం పూసిన రాత్రి ‘కాష్క్’. ఖాళీ సమాధి ఉదయమూ ‘కాష్క్’. క్రీస్తు అనే మన పస్కా పశువు వధింపబడెనని పౌలు కొరింథీయులకు రాసిన సంగతి (1 కొరింథీ 5:7) అక్కడి పల్లెటూరి పిల్లవాడికి విడమరచి చెప్పనక్కర్లేదు. మనకు చెప్పాలి. మనకు బైబిల్లో ‘పస్కా’, క్యాలెండర్లో ‘ఈస్టర్’. రెండింటి మధ్య ఒక ప్రసంగం పట్టేంత దూరం.

ఆ దూరంలోనే మన సంఘాల్లో ఏటా ఒక గొడవ మొలుస్తుంది. ఈస్టర్ అనేది అన్యదేవత పేరు, ఆ పండుగ చేయరాదు అంటూ కరపత్రాలు తిరుగుతాయి. మా చేతికీ చాలా వచ్చాయి. దీనికంతటికీ పాత ఆధారం ఒక్కటే. 725లో ఇంగ్లండ్ సన్యాసి బీడ్, కాలగణన మీద రాసిన గ్రంథంలో పూర్వం తమవారు ఒక నెలకు ఎయోస్ట్రె అనే దేవత పేరు పెట్టుకున్నారని ఒక ముక్క రాశాడు. ఆ ముక్క నిజమే కావచ్చు. అయితే అది ఇంగ్లీషు మాట చరిత్ర, పండుగ చరిత్ర కాదు. గ్రీకువారు, ఫ్రెంచివారు, స్పెయిన్ వారు, ఐర్లండ్ వారు ఆ పేరు ఎన్నడూ వాడలేదు. ఇంగ్లీషువారు బాప్తిస్మం పొందకముందే ‘కాస్క్’ ఐర్లండ్‌లో ఆచరించారు. పునరుత్థాన పండుగ అనాలనుకునేవారు నిక్షేపంగా అనవచ్చు. ఈస్టర్ అన్న పొరుగువాణ్ణి విగ్రహారాధకుడనడం మాత్రం రేవు దగ్గర నిలబడి షిబ్బోలెతు అనిపించడమే.

ఒకే మాట, రెండు తేదీలు

మాట ఒక్కటైనా తేదీ ఒక్కటి కాలేదు. ఐర్లండ్ సంఘం 84 ఏళ్లకు ఒకసారి తిరిగే పాత లెక్కతో పండుగ నిర్ణయించుకునేది. రోమాలో లెక్క మారింది. దీంతో కొన్ని ఏళ్లు వారం తేడా, కొన్ని ఏళ్లు నెల తేడా. ఐర్లండ్ నుంచి ఫ్రాన్సు వెళ్లిన కొలంబానస్ సుమారు 600 ప్రాంతంలో పోప్ గ్రెగరీకే లేఖ రాసి తమ లెక్కను సమర్థించుకున్నాడు. 630 దాటిన తొలి ఏళ్లలో దక్షిణ ఐర్లండ్ వారు రోమాకు మనుషుల్ని పంపారు. కమియన్ అనే పెద్ద రాసిన లేఖలో ఆ సంగతి ఉంది. అక్కడ వారు ఒకే బసలో గ్రీకువాడు, హెబ్రీయుడు, స్కుతీయుడు, ఐగుప్తీయుడు ఉండగా అందరితో కలిసి పండుగ చేసుకున్నారు. అదే సంవత్సరం తమ ఊళ్లో చేసిన పండుగకూ దానికీ నెల తేడా అని గ్రహించారు. లోకమంతా తప్పు, మేమొక్కరమే ఒప్పు అని ఎలా అనగలమని కమియన్ ప్రశ్న. తిరిగొచ్చి దక్షిణాదివారు లెక్క మార్చుకున్నారు. ఉత్తరాదివారు, అయోనా ద్వీపం మఠంవారు ససేమిరా అన్నారు.

ఇంగ్లండ్ ఉత్తరాన నార్తంబ్రియా రాజు ఓస్వియు ఐరిష్ సన్యాసుల శిష్యుడు. రాణి రోమా లెక్క నేర్చిన ఇంటి బిడ్డ. రాజు ఉపవాసం ముగించి ఈస్టరు చేసుకుంటుంటే రాణి, ఆమె మనుషులు ఇంకా మట్టలాదివారంలోనే ఉండేవారని బీడ్ రాశాడు. ఒక కప్పు కింద ఒక పళ్లెంలో మాంసం, ఇంకో పళ్లెంలో పస్తు. చివరికి 664లో విట్బీలో సభ జరిపి రాజు రోమా లెక్కకు ఒప్పుకున్నాడు. ఐరిష్ బిషప్పు కొల్మన్ తనవారిని తీసుకుని వెళ్లిపోయాడు. అయోనా మారడానికి 716 దాకా పట్టింది. మార్పించినవాడు ఎగ్‌బర్ట్ అనే ఇంగ్లీషువాడు. ఐర్లండ్‌లో ఎన్నో ఏళ్లుండి, వారితో కలిసి బతికి, నచ్చజెప్పాడు. ఆయన 729 ఏప్రిల్ 24న చనిపోయాడు. ఆ రోజు ఈస్టర్.

పాలకుల భాష, ప్రజల బైబిలు

ఇక్కడ ప్రొటెస్టెంటులమైన మనం కాస్త తల దించుకోవలసిన సంగతి చెప్పాలి. సంస్కరణోద్యమం ఊపిరే ప్రజల భాషలో వాక్యం. జర్మనీలో, ఇంగ్లండ్‌లో అదే జరిగింది. ఐర్లండ్‌లో జరగలేదు. 1560లో అక్కడ ఆరాధనల గురించి చేసిన చట్టం, ఇంగ్లీషు రాని పాదిరి ఉన్నచోట లాటిన్‌లో జరుపుకోవచ్చంది. ఐరిష్‌లో అనలేదు. ఏ లాటిన్‌ను వదిలించుకోవాలని అంత పోరాడారో, ఆ లాటిన్‌నైనా ఒప్పుకున్నారు గానీ ప్రజల భాషను ఒప్పుకోలేదు. ఎలిజబెత్ రాణి ఐరిష్ అచ్చు అక్షరాలకు డబ్బిచ్చింది. వాటితో 1571లో డబ్లిన్‌లో ఒక చిన్న ప్రశ్నోత్తరి వెలువడింది. కొత్త నిబంధన రావడానికి మరో ముప్పై ఏళ్లు పట్టింది. ఉయిలియమ్ ఓ డోనల్ పూర్తిచేసిన ఆ గ్రంథం 1602-03లో అచ్చయింది.

పాత నిబంధన వెనుక ఉన్నవాడు విలియం బెడెల్. 1571లో ఇంగ్లండ్‌లో పుట్టాడు. యౌవనంలో వెనిస్ నగరంలో ఇంగ్లీషు రాయబారి దగ్గర చాప్లెయిన్‌గా ఉండి, లియోనే మోదెన అనే యూదు రబ్బీ దగ్గర హెబ్రీ నేర్చుకున్నాడు. 1629లో కిల్మోర్ బిషప్పయ్యాక, అరవైకి దగ్గరపడిన వయసులో, తన మందలో అధికులు మాట్లాడే ఐరిష్ నేర్చుకున్నాడు. మూర్కెర్తఖ్ ఓ కింగ అనే ఐరిష్ పండితుణ్ణి కుదుర్చుకుని తర్జుమా చేయించాడు. తాను కూర్చుని హెబ్రీతో సరిచూశాడు. పేసహ్ అన్న మాటను రబ్బీ నోట విన్నవాడు దాని పక్కన కాష్క్ చేరడం చూశాడన్నమాట. ఈ పనికి అడ్డుపడినవారు ఐరిష్ వారు కాదు, ఆయన సొంత సంఘంలోని పెద్దలే. ఓ కింగను వేధించి పదవి తీసేశారు.

1641లో ఐరిష్ వారు తిరగబడ్డారు. ఇంగ్లీషువారి ఇళ్లు తగలబడ్డాయి, చాలామంది చనిపోయారు. బెడెల్‌ను కూడా పట్టుకుని ఒక చెరువు మధ్యనున్న కోటలో కొన్నాళ్లు ఉంచారు. విడిచిపెట్టాక 1642 ఫిబ్రవరి 7న ఒక ఐరిష్ పాదిరి ఇంట్లో కన్నుమూశాడు. ఆయన శవపేటిక వెంట తిరుగుబాటు సైనికులు నడిచారు. గౌరవంగా తుపాకులు పేల్చారు. ఇంగ్లీషు బిషప్పుకు, ఆ యుద్ధం మధ్యలో, ఆ మనుషులు. రాతప్రతులు ఆ ఐరిష్ పాదిరి దగ్గర భద్రంగా మిగిలాయి. చివరికి రాబర్ట్ బాయిల్ చేతికి చేరాయి. మన పిల్లలు ఇంటర్మీడియట్‌లో చదివే బాయిల్ నియమం ఆయనదే. ఆ శాస్త్రవేత్త తన డబ్బు పెట్టి 1685లో లండన్‌లో అచ్చు వేయించాడు. అనువాదం మొదలుపెట్టినవారెవరూ అప్పటికి లేరు.

అప్పటికి ఆలస్యమైందో, పాలకుల మతమన్న ముద్ర పోలేదో, ఆ బైబిలు ప్రజల ఇళ్లలోకి పెద్దగా వెళ్లలేదు. 1845 నుంచి వచ్చిన మహాక్షామం ఐరిష్ మాట్లాడే పడమటి పల్లెలనే ఎక్కువగా తినేసింది. సుమారు పది లక్షలమంది చనిపోయారు, అంతకు మించి వలసపోయారు. 2022 జనాభా లెక్కల్లో ఐర్లండ్‌లో 18 లక్షల పైచిలుకు మంది ఐరిష్ వచ్చునన్నారు. చదువుల అవసరం కాకుండా రోజూ మాట్లాడేవారు 72 వేల దరిదాపు. ‘కాష్క్’ మాత్రం ఐరిష్ రానివారి చెవికీ పరిచయమే. 1916లో డబ్లిన్‌లో ఈస్టర్ సోమవారం మొదలైన స్వాతంత్ర్య తిరుగుబాటు పేరులో ఆ మాట ఉంది.

ఆంగ్లికన్ సంప్రదాయపు ఐర్లండ్ చర్చిలో ఐరిష్ ఆరాధన కోసం 1914లో ఒక సంఘం ఏర్పడింది. రోమన్ కథోలికులైనా, ఆ చిన్న ప్రొటెస్టెంటు గుంపైనా, ఐరిష్‌లో పండుగ శుభాకాంక్షలు చెప్పుకునే మాట ఒకటే: ‘బ్యానఖ్తీ న కాస్క’. పస్కా దీవెనలు అని అర్థం. అందులో చివరి మాట ‘క’ మెత్తబడలేదు. దాని ముందు ఎప్పుడో రాలిపోయిన ఆ ‘స’ ఉండేది.